పరుపులు పోయిన గది

నవంబరు పదమూడు, గురువారం. మిర్యాలగూడలో మా తమ్ముడి కొడుకు ఆకాష్ ఇంట్లో ఆ మధ్యాహ్నం కొత్త బియ్యం అన్నం, ముద్దపప్పు, పచ్చిపులుసు తిన్నాను. సొంత రైసుమిల్లు ఉన్నవాళ్ళు కూడా కొత్త బియ్యాన్ని ముద్ద కాకుండా వండలేరని మరోసారి రుజువైంది. కానీ పచ్చిపులుసులోకి ఎండుమిరపకాయలు ఎవరో నిప్పుల మీద కాల్చి నలిపారు. రుక్మిణి అలాగే చేసేది. సిగ్గుపడకుండా రెండోసారి పోయించుకున్నాను. ఆ రోజు మొత్తంలో ఎవరి అరుపూ వినకుండా గడిచింది ఆ భోజనం ఒక్కటే.

కిందటివారం ఎక్కడ ఆపానో గుర్తుచేస్తాను. రుక్మిణి నా భార్య. పోయి పది నెలలు. సూర్యాపేటలో మా ఇంటి వెనకగదిని ఆమే నరేందర్‌కు కిరాయికిచ్చింది. నరేందర్‌ది పెన్‌పహాడ్ దగ్గర తండా. కాలేజీలో నా దగ్గర కామర్స్ చదివాడు. చదివాడనడం నా మర్యాద. గదిలో ఒక మైకు, కంప్యూటరు పెట్టుకుని బట్టల దుకాణాల వాళ్ళకు ఆటోలో తిప్పే ప్రకటనలు రికార్డు చేసి పెడతాడు. రుక్మిణి వాడికి పెట్టిన షరతు ఒక్కటే. పెళ్ళిళ్ళకొచ్చే చుట్టాల కోసం ఆమె ఏళ్ళ తరబడి కుట్టించిన దూది పరుపులు ఆ గదిలోనే ఉండాలి. వాడు వాటిని గోడల పొడవునా నిలబెట్టి తాళ్ళతో బిగించాడు. తర్వాత ఫోన్లో ఏదో వీడియో చూసి, పరుపుల మీద కోడిగుడ్ల అట్టలు వరసగా అతికించాడు. మాది గుడ్డు ముట్టని ఇల్లు. రుక్మిణి వాటికేసి కాసేపు చూసి, "గుడ్లు లేవు గదా, ఒట్టి అట్టలే గదా" అని వెళ్ళిపోయింది.

ఆ గదిలోనే వాడు తన తల్లి గౌరీబాయి చేత లంబాడీ పాటలు పాడించాడు. హైదరాబాదులో ఒక పాటల సంస్థ వాళ్ళు విని, మొత్తం తీసుకుంటామన్నారు. ఒక్క పాట మిగిలింది. ఢావ్లో అంటారు దాన్ని. అత్తవారింటికి పోయే పిల్ల తల్లి మెడ పట్టుకుని ఏడుస్తూ పాడే పాట. అది లేకపోతే మిగతావి కూడా వద్దన్నారు. శుక్రవారం పొద్దుటికల్లా పంపాలి. గౌరీబాయి ఆ పాట ఎన్నో ఏళ్ళుగా పాడటం లేదు. చివరికి, "రుక్మిణమ్మ ఇంట్ల ఒక్కసారి పాడ్త. రెండోసారి అడిగితే లేసిపోత" అని ఒప్పుకుంది. గురువారం సాయంత్రం వస్తానంది. మర్నాడు తెల్లవారకముందే ఆమె కూలీల జట్టుతో తిరుమలగిరి వైపు పత్తి ఏరడానికి పోవాలి.

ఇదీ సంగతి. ఇంతలో కోదాడ నుంచి మా చెల్లెలు స్వరాజ్యలక్ష్మి దిగింది. నన్ను మిర్యాలగూడ పంపించింది కూడా ఆమే. "పిల్లవాడి అన్నప్రాశన, ఇంటికి పెద్దవాడివి, నువ్వు పోకపోతే ఎలా?" అంది.

బస్సు దిగి ఇంటికొచ్చేసరికి నరేందర్ వెనకగది గడప మీద కూర్చుని ఉన్నాడు. హెడ్‌ఫోన్ మెడలో ఉరితాడులా వేలాడుతోంది.

"సార్, మీరేం మాట్లాడకున్రి. లోపలికొచ్చి జర సప్పట్లు కొట్టున్రి."

కొట్టాను. గది నాకు తిరిగి చప్పట్లు కొట్టింది.

"ఇన్నరా? ఖతం సార్. గది ఖతం."

చుట్టూ చూశాను. పరుపులు లేవు. కడిగిన షాబాద్ బండలు అద్దంలా మెరుస్తున్నాయి. గోడకు ఆనించి కొత్త షోకేసు, గాజు తలుపులు, లోపల గాజు గ్లాసులు. దాని పక్కన రెక్సిన్ సోఫా, మీద పాలిథిన్ కవరు కూడా విప్పలేదు. మూలన రుక్మిణి స్టీలు బీరువా మాత్రం ఎప్పట్లాగే ఉంది. ఇన్నాళ్ళూ పరుపుల వెనక ఉండి కనిపించేది కాదు. దానికెదురుగా ఉత్త సున్నపు గోడ మీద నరేందర్ గుడ్ల అట్టలు మళ్ళీ అతికించాడు.

వంటింటి తలుపు దబ్బుమంది. స్వరాజ్యం వచ్చింది. రుక్మిణి పోయాక మా ఇంట్లో తలుపులు నోరు మూసుకున్నాయి. చెల్లెలు వచ్చిన రోజు నుంచి ప్రతి తలుపూ తన అభిప్రాయం చెబుతోంది.

"వచ్చావా అన్నయ్యా! ముందు కాళ్ళు కడుక్కో. ఇల్లంతా శుద్ధి చేయించాను. చుట్టాలొస్తారని సోఫా, షోకేసు తెప్పించాను. వీడు చూడు, తీసిపారేసిన అట్టలు మళ్ళీ మురిక్కాలవ దగ్గర్నించి ఏరుకొచ్చి అంటించాడు!"

"పరుపులేవి స్వరాజ్యం?"

"కోదాడ పంపించా, ట్రాలీ ఆటోలో. మా వీధిలో దూదేకే మిషనుంది. గుడ్ల అట్టలు అంటుకున్న పరుపుల మీద వదిన సంవత్సరీకానికొచ్చే చుట్టాల్ని పడుకోబెడతావా? దూది ఏకించి కొత్త గుడ్డ వేయిస్తే మైల పోతుంది."

"అవి ఒట్టి అట్టలు."

"అట్టల్లో ఏం పెడతారన్నయ్యా? మామిడిపళ్ళు పెడతారా?"

నరేందర్ లేచాడు. "అమ్మా, అట్టలు పారేస్తే పారేసిన్రు. పరుపులు ఎందుకు తీపిచ్చిన్రు? గది మోగుతున్నది, సూడున్రి."

"ఒరేయ్, పొద్దున్న నువ్వేమన్నావు? 'అట్టలు తియ్యకండమ్మా, సౌండు సాఫ్‌గ వచ్చేది వాటితోనే' అని నా కాళ్ళ మీద పడలా? పరుపుల మాట ఒక్కసారన్నా ఎత్తావా?"

నేను నరేందర్ వైపు చూశాను. వాడు అట్టల వైపు చూశాడు. రెండేళ్ళుగా వచ్చిన ప్రతివాడికీ ఆ అట్టలే చూపించి గొప్పలు చెప్పుకున్నాడు. వెనక నిలబడ్డ పరుపుల ఊసు వాడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

"గా వీడియోల అట్టలే అన్నరు సార్" అన్నాడు చిన్నగా.

కోదాడకు ఫోన్ చేయించాను. స్వరాజ్యం కోడలు నిత్య ఎత్తింది. "విప్పేశారత్తయ్యా! దూదంతా మన డాబా మీద ఎండబోశారు. గాలికి పక్కింటి వాళ్ళ మీదికి ఎగురుతోంది. వాళ్ళొచ్చి గొడవ..." స్వరాజ్యం టక్కున ఫోన్ ఆపేసింది.

ఇక మొదలైంది. ఎదురుగా పిండి గిర్ని నడిపే ఈదయ్య సంగతి విని, గోనెసంచులు తెచ్చి గోడకు మేకులు కొట్టించాడు. మంచి మనసు. కానీ సంచులు విదిలించగానే గదంతా జొన్నపిండి లేచింది, నరేందర్ దగ్గు మొదలుపెట్టాడు. "యాడి పాడుతదా, దగ్గుతదా?" అని వాడే సంచులన్నీ పీకేశాడు. 'యాడి' అంటే వాళ్ళ భాషలో అమ్మ. తర్వాత దుప్పట్లు. మా ఇంట్లో మిగిలిన దుప్పట్లు రెండే, అవీ పల్చటివి. చాపలు నిలబెడితే జారి పడ్డాయి. ఒకటి సరిగ్గా నా నెత్తిన పడింది. స్వరాజ్యం నవ్వుతుందేమోనని చూశాను. "నీకీ వయసులో ఇవన్నీ ఎందుకన్నయ్యా?" అంది. నవ్వి ఉంటేనే బాగుండేది.

పొద్దు వాలుతుండగా గౌరీబాయి వచ్చింది. బస్టాండు నుంచి నడిచే వచ్చినట్టుంది, కాళ్ళకు దుమ్ము. కొంగున కట్టుకొచ్చిన రెండు సీతాఫలాలు నా చేతిలో పెట్టింది. ఒకప్పుడు గంపలో ఇవి అమ్ముకుంటూ మా గడపలోకి వచ్చేది. రుక్మిణి పళ్ళు కొని, అన్నం పెట్టి పంపేది. ఇప్పుడు గంప లేకపోయినా పళ్ళు తేవడం మానలేదు.

సోఫాలో కూర్చోగానే పాలిథిన్ కవరు కిర్రుమంది. ఆమె ఉలిక్కిపడి లేచింది.

"సేటూ, గిదేందయ్యా, కోడిపిల్ల మీద కూసున్నట్టున్నది!"

"ఈ ఇంట్లో కోడి మాట ఎత్తకు గౌరీబాయీ" అన్నాను. "పొద్దటి నుంచి దాని గుడ్డుతోనే సస్తున్నం."

ఆమె పకపకా నవ్వింది. షోకేసులో గాజు గ్లాసులు కూడా సన్నగా నవ్వాయి. నరేందర్ తల పట్టుకున్నాడు. "ఇన్నరా సార్? యాడి గొంతు మీదికి పోయినప్పుడల్లా గా గ్లాసులు పలుకుతయ్. గీ గదిల పాడితే బాయిల పడి అరిసినట్టుంటది. కంపెనీ వాళ్ళు ఒక్క నిమిషం ఇని బంద్ చేస్తరు."

"అయితే వేరే రోజు పాడించరా" అంది స్వరాజ్యం.

"వేరే రోజు లేదమ్మా. పొద్దుగాల పంపకుంటే పాటలన్నీ వాపస్. యాడి మళ్ల పాడనే పాడదు."

"ఎందుకు పాడదు? అంత బెట్టా?"

కొడుకు తల్లి వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. వాడు గొంతు తగ్గించాడు. "బెట్టు కాదమ్మా. పెండ్లయిన కొత్తల యాడి పెండ్లి ఓణీ పోయిందట. అద్దాలు, గవ్వలు కుట్టిన ఓణీ, మా అమ్మమ్మ చేతిది. సూర్యాపేటకొచ్చిన దినమే పోయింది. పెండ్లి ఓణీ పోగొట్టుకున్నదాని నోట ఢావ్లో రావద్దని తండల ముసలోళ్ళు అన్నరు. అప్పటిసంది ముట్టలే. రుక్మిణమ్మ మీద పానంతోని గీ ఒక్కసారికి ఒప్పుకున్నది."

నేను వచ్చినప్పటి నుంచి స్వరాజ్యం దేనికీ బదులివ్వకుండా ఊరుకోవడం అదే మొదలు. అలిసిపోయిందనుకున్నాను.

షోకేసును నేనూ నరేందరూ కలిసి హాల్లోకి జరిపాం. సోఫాను పెరట్లోకి తోశాం. గది మోత కొంచెం తగ్గింది గానీ పోలేదు. నరేందర్ చప్పట్లు కొట్టుకుంటూ మూలమూలకూ తిరిగాడు. బీరువా దగ్గర ఆగి దాని తలుపు మీద వేలితో కొట్టాడు. అది డోలులా మోగింది.

"సార్, అన్నిటికన్నా దీని మోత ఎక్కువున్నది. దీన్ని జరపలేం. లోపల బట్టలున్నయా?"

"ఉన్నయ్."

"తలుపులు తెరిసి పెడితే ఎట్లుంటది?"

పది నెలలుగా ఆ బీరువా తెరవలేదు. తాళంచెవి నా జంధ్యానికి కట్టుకుని తిరుగుతున్నాను. తెరవడానికి కాదు, ఎవరూ తెరవకుండా. తాళంచెవి విప్పి చేతిలో పట్టుకున్నాను.

"వద్దన్నయ్యా!" స్వరాజ్యం అడ్డం వచ్చింది. "ఏడాది నిండకుండా వదిన చీరలు బయటికి తీస్తావా? ఎవరన్నా వింటే ఏమంటారు?"

"ఎవ్వరికీ ఇస్తలేను. కట్టనిస్తలేను. తలుపు తెరుస్త, అంతే."

"నీకసలు బుద్ధి..."

"స్వరాజ్యం, పొద్దుగాల నుంచి నా ఇల్లు నాకు తెలవకుంట ఖాళీ చేసినవ్. నేనేమన్న అన్ననా? ఇగ జర జరుగు."

నేను గట్టిగా మాట్లాడటం ఆమెకూ కొత్తే, నాకూ కొత్తే. ఆమె జరిగింది. తాళం ఒక్క తిప్పుకే వచ్చింది. మొరాయిస్తే మళ్ళీ మూసేసేవాణ్ణేమో. కలరా ఉండల వాసనతో పాటు ఇంకేదో వాసన వచ్చింది, దాని పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయను. చీరలు మడతల మీద మడతలుగా, తాను పేర్చినట్టే ఉన్నాయి.

నరేందర్ ఆ తెరిచిన తలుపుల ముందు నిలబడి చప్పట్లు కొట్టాడు. చప్పుడు లోపలికి పోయింది. తిరిగి రాలేదు.

"సార్..." అన్నాడు. "ఇంకొన్ని గావాలె."

గది అడ్డంగా తాళ్ళు కట్టాం. వాడొక చీర తీసి తాడు మీద వేయబోతే మడతలు జారి నేల తాకాయి. స్వరాజ్యం ఇక చూడలేకపోయింది. "ఆగరా మహానుభావా! గద్వాల చీర అలా పడేస్తారా? మగాళ్ళ చేతుల్లో చీర పడితే కుక్క నోట్లో పడ్డట్టే" అని తిడుతూ తనే వచ్చింది. ఒక్కో చీర తీసి, మడత చెదరకుండా, బరువు రెండు వైపులా సరిపోయేలా ఆరేసింది. వాటిలో కొన్నిటిని తాకినప్పుడు ఆగింది. నారాయణపేట నూలు చీర ఒకటి చెంపకు ఆనించుకుని, నేను చూస్తున్నానని తెలిసి, విదిలించి తాడు మీద వేసింది. మనిషి ఎంత విసిగించినా ఇలాంటివి ఒకటో రెండో కనిపిస్తుంటాయి. అందుకే ఎవరినీ పూర్తిగా కోప్పడలేకపోతాను.

"కింద అర జోలికి మాత్రం పోకండి" అంది. "అక్కడ చెదలు పట్టిన పాత గుడ్డలు."

రుక్మిణి బీరువాలో చెదలా అనుకున్నాను. అడిగే ఓపిక లేదు. ఆమె టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. మైకు వెనక ఇంకా కొంచెం ఖాళీగా ఉందని నరేందర్ కింద అరలోంచి బరువైన మడత ఒకటి లాగి, బీరువా తలుపు మీదే వేశాడు. నేను చూశాను, ఆపలేదు.

పరీక్షకు మైకు తెరిచాడు. వెంటనే మొహం ముడుచుకుంది. "సార్, ఏదో టిక్కుటిక్కుమంటున్నది." ముగ్గురం చెవులు రిక్కించాం. ఫ్యాన్ ఆపాను. చప్పుడు ఆగింది. "ఫ్యానే. దీన్ని ఇట్లనే ఉంచుదాం" అన్నాడు. బయట గిర్ని చప్పుడు మిగిలింది. దానికి ఏం చేయాలా అని నేను వీధిలోకి రాబోతుండగానే అదీ ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే ఈదయ్య తన గిర్ని ముందు నిలబడి, జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన వాళ్ళకు నోటి మీద వేలు చూపిస్తున్నాడు. నేను అడగలేదు. నరేందర్ కూడా అడగలేదట.

గౌరీబాయి చీరల మధ్య నిలబడింది. కొంగు తల మీదికి, అక్కణ్ణుంచి మొహం మీదికి లాక్కుంది. తర్వాత చేతులు చాచింది, ఎదురుగా ఎవరో ఉన్నట్టు. ఎవరూ లేకపోవడంతో పక్కనున్న చీర అంచు పట్టుకుంది.

"యాడీ..."

పాట గురించి నేను చెప్పగలిగేది తక్కువ. నాకు ఆ భాష రాదు. కానీ ఒక పిల్ల ఇల్లు విడిచి పోతోందని, పోతూ పోతూ గడపను, ఆవును, తోబుట్టువులను ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తోందని తెలిసింది. ఆమె గొంతు పైకి పోయినప్పుడు ఏ గాజూ పలకలేదు. విరిగి కిందికి దిగినప్పుడు గోడ దాన్ని వెనక్కి విసరలేదు. ఎంత పాడితే అంతే వినిపించింది. పెద్దరోడ్డు మీద ఒక్క లారీ కూడా హారన్ కొట్టలేదు. స్వరాజ్యం టీ గ్లాసులతో వచ్చి గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. చప్పుడు రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

పాట ముగిశాక నరేందర్ హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటి నుంచి విన్నాడు. వాడి మొహమే చూస్తూ కూర్చున్నాను. చివరికి హెడ్‌ఫోన్ తీసి నా చేతికిచ్చాడు.

"అదే గది సార్. పరుపులున్నప్పటి గదే. ఇగ పంపుడే."

గౌరీబాయి మొహం మీది కొంగు తీసి, చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగింది. "ఉడుకపోస్తున్నది సేటూ, జర ఫ్యాన్ ఎయ్యి" అంది. వేశాను.

టిక్. టిక్ టిక్.

గ్లాసు ఆమె చేతిలోనే ఆగింది. "ఆగున్రి" అంది. మేమెవరం మాట్లాడటం లేదు. ఆమె తల పక్కకు వంచి విన్నది. లేచి, చీరలు తప్పించుకుంటూ బీరువా దగ్గరికి నడిచింది. తలుపు మీద వేసిన మడత అంచు గాలికి ఊగుతూ స్టీలుకు తగులుతోంది. మడత మధ్యలో చెయ్యి పెట్టి బయటికి లాగింది.

చీర లోపల ఇంకో గుడ్డ. ఎరుపు, నీలం. అద్దాలు. అంచు పొడవునా గవ్వలు.

"యాడీ, ఏందది?" నరేందర్ ముందుకు వచ్చాడు.

ఆమె ఆ గుడ్డ మూల ఒకటి వెతికి పట్టుకుని, లైటు కిందికి తెచ్చింది. అక్కడ అద్దం లేదు. అద్దం ఉండాల్సిన చోట ఎర్రదారంతో చిన్న పువ్వు కుట్టి ఉంది.

"గీడ అద్దం పలిగితే మా యాడి పువ్వు కుట్టింది" అంది. గొంతులో కోపం లేదు. ఇందాక పాడిన గొంతే అది. "నా పెండ్లి ఓణీ. రుక్మిణమ్మ కాడికి ఎట్లొచ్చింది సేటూ?"

నాకు తెలియదు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి బీరువా గురించి నాకు తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. స్వరాజ్యం వైపు తిరిగాను. ఆమె ఓణీని చూడటం లేదు. ఖాళీ అయిన కింది అరను చూస్తోంది.

"అది తీయొద్దని చెప్పానుగా" అంది నరేందర్‌తో. తిట్టినట్టు లేదు. బతిమాలినట్టుంది.

"స్వరాజ్యం, నీకు తెలుసా?"

"పొద్దున్న చెబుతా అన్నయ్యా. వదినకు మాటిచ్చాను. ఈ ఒక్క రాత్రికి నన్నడక్కు."

గౌరీబాయి ఓణీని మడిచి ఒడిలో పెట్టుకుని, గడప పక్కన బండల మీద కూర్చుంది. "పత్తి ఏడికి పోదు. జట్టును పొమ్మని సెప్పు బిడ్డా" అంది కొడుకుతో. "తెల్లారేదాంక నేను గీడనే ఉంట."

స్వరాజ్యం ఆమె పక్కనుంచే, తన చీర అంచు తగలకుండా దగ్గరికి లాక్కుని, తన గదిలోకి నడిచింది. తలుపు చప్పుడు కోసం నేను సిద్ధంగా ఉన్నాను. రాలేదు. రెండు చేతులతో తలుపు రెక్క పట్టుకుని, గొళ్ళెం మోగకుండా వేలితో ఆపి, నెమ్మదిగా మూసింది.